ఇంటికి తెచ్చిన కుక్కపిల్లకు ఏది అన్నం?

గృహస్థునికి ధర్మసందేహాలు చాలా వరకు వంటింటి గడప దగ్గరనే పుడతాయి. ఏది తినవచ్చును, ఏది తినరాదు, ఏ వేళకు తినవలెను అనే విషయాలలో జైన కుటుంబాలకు తరతరాల కట్టుబాటు ఉన్నది. కనుక తన భోజనం సంగతిలో శ్రావకుడు తడబడడు. తనను నమ్ముకొని ఇంట చేరిన మరొక ప్రాణి భోజనం సంగతి వచ్చినప్పుడే అసలైన చిక్కు ఎదురవుతుంది.

బళ్లారి, ఆదోని, గుంతకల్లు, రాయదుర్గం ప్రాంతాల వర్తక కుటుంబాలలో పూర్వం కుక్కకు ఇంటి లోపల చోటు లేదు. అది దుకాణపు అరుగు క్రింద పడుకొనేది, వేసింది తినేది, రాత్రి గోదాము దగ్గర మొరిగేది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి పోయినా, ఈ కుటుంబాల బంధుత్వాలు, అలవాట్లు రెండు ప్రక్కలా ఒకటిగానే సాగినవి. ఇప్పుడు రెండు ప్రక్కలా ఒకే మార్పు కనబడుతున్నది. పిల్లలు కుక్కపిల్లను చంకన పెట్టుకొని తిన్నగా నడవలోకే తెస్తున్నారు.

అలా తెచ్చిన మొదటి సాయంకాలమే ఇంటిలో మూడు మాటలు వినబడతాయి. నాయనమ్మ, "పాలు, రొట్టె పెట్టండి, ఇంకేమి కావాలి?" అంటుంది. మనుమడు, "దుకాణంలో సంచులలో గుళికల మేత అమ్ముతారు, అదే తెద్దాం" అంటాడు. ఆ సంచిలో కోడి మాంసం ఉండవచ్చునని అతనికి తోచదు. పొరుగింటాయన గోడ మీదుగా తొంగిచూసి, "గుడ్డయినా పెట్టకపోతే అది బ్రతకదండీ" అని ఒక మాట వదలి వెళతాడు. ఈ మూడు మాటలలోనూ కొంత నిజం ఉన్నది, కొంత పొరపాటు ఉన్నది. ఏది ఎంతో తేల్చుకొనకుండా గిన్నె పెట్టేవాడు తన వ్రతానికీ న్యాయం చేయడు, ఆ పిల్లకూ చేయడు.

వీధి కుక్క, ఇంటి కుక్క

మార్వాడీ ఇళ్లలో మొదటి రొట్టె ఆవుకు, చివరి రొట్టె కుక్కకు తీసిపెట్టే ఆచారం ఉన్నది. ఉదయం దుకాణం తెరవగానే నాలుగు బిస్కెట్లు వీధి కుక్కలకు విసిరిన తరువాతనే గల్లా పెట్టె తాళం తీసేవారు కలరు. ఇది మంచి ఆచారం. అయితే దీని నుండి తెలియకుండానే ఒక తప్పు అభిప్రాయం ఏర్పడింది. రొట్టె ముక్కలతో ఆ కుక్కలు ఏళ్ల తరబడి బ్రతుకుతున్నవి గనుక కుక్కకు రొట్టె చాలునని అనుకొంటున్నారు.

నిజానికి వీధి కుక్క మన రొట్టె మీద బ్రతకడం లేదు. మన వాకిట ఒక ముక్క, ఎదురు హోటలు వెనుక ఒక ఎంగిలాకు, మాంసపు అంగళ్ల దగ్గర పారవేసింది, బీటిలో పట్టుకొన్న ఎలుక, అన్నీ కలిసి దాని కడుపు నింపుతున్నవి. మన రొట్టెలో ఉన్న లోటును అది మరి పది చోట్ల పూడ్చుకొంటుంది. ఆ పది చోట్లు మన ఖాతాలో పడవు గనుక మనకు కనబడవు.

గొలుసు వేసి, తలుపు మూసి పెంచే కుక్కపిల్లకు పదకొండవ వాకిలి లేదు. దాని ఎముక, కండ, కన్ను, వెంట్రుక అన్నీ మనం పెట్టే గిన్నె నుండే తయారు కావలెను. గిన్నెలో లేనిది దాని శరీరంలో ఉండదు. తలుపు మూసిన క్షణం నుండి దాని ఆకలి మొత్తం ఇంటి యజమాని పేర వ్రాయబడుతుంది. వీధి కుక్కకు రొట్టె వేయడం దానం. ఇంటి కుక్కకు సరియైన తిండి పెట్టడం బాకీ. దానం తగ్గినా దోషం లేదు గాని బాకీలో కోత పెట్టరాదని వర్తకునికి ఒకరు చెప్పనక్కరలేదు.

శాస్త్రం చూపిన అయిదు అతిచారాలు

ఈ బాకీ మాట క్రొత్తగా కల్పించింది కాదు. ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థసూత్రం ఏడవ అధ్యాయంలో గృహస్థుని అహింసాణువ్రతానికి అయిదు అతిచారాలు చెప్పబడినవి: బంధం, వధ, ఛేదం, అతిభారారోపణం, అన్నపాననిరోధం. కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు ఎత్తడం, తిండి నీళ్లు ఆపివేయడం అని వీటి అర్థం. ఈ అయిదూ ముఖ్యంగా మన అధీనంలో ఉన్న ప్రాణులకు సంబంధించినవే. అడవిలోని జింకకు ఎవరూ అన్నం ఆపలేరు. మన గుంజకు కట్టిన ప్రాణికే ఆపగలం.

భారత ప్రభుత్వం 1960లో చేసిన జంతుహింస నివారణ చట్టంలోనూ ఈ భావమే కనబడుతుంది. తన జంతువునకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వని యజమాని ఆ చట్టం పదకొండవ సెక్షను ప్రకారం నేరస్థుడు. ఇటువంటి చట్టం కావలెనని రాజ్యసభలో మొదట బిల్లు తెచ్చి పట్టుపట్టినది శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్.

తిండి ఆపడమంటే ఖాళీ గిన్నె పెట్టడం ఒక్కటేనా? కడుపు నిండా అన్నం పెట్టి, ఆ అన్నంలో ఎముకకు కావలసిన సున్నం లేకపోతే, అదీ నిరోధమే. గుంతకల్లు దాపునున్న కొనకొండ్ల కుందకుందాచార్యుల ఊరని సంప్రదాయం చెబుతున్నది. ఆ మహనీయుడు ప్రవచనసారంలో హింసకు మూలం ప్రమాదమని, అనగా అజాగ్రత్త అని, నిరూపించారు. ఆయన లెక్కలో ప్రాణి చావడం, బ్రతకడం తరువాతి సంగతి. జాగ్రత్త వహించాడా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఆయన పుట్టిన గడ్డకు ఇంత దగ్గరగా వ్యాపారం చేసుకొంటున్న కుటుంబాలు ఆ ప్రశ్నను కుక్కపిల్ల గిన్నె దగ్గర కూడ వేసుకొనవలెను. మాంసం ముట్టని వంటిల్లు శుచియైనదే. ఆ శుచి ఒక్కటే ఆ పిల్లను పెంచదు.

కుక్కను మన ఆచార్యులు తక్కువగా చూడలేదు. వాదీభసింహుని క్షత్రచూడామణిలో జీవంధరుడు దెబ్బలు తిని చావబోతున్న కుక్క చెవిలో పంచనమస్కార మంత్రం చెప్పగా, అది సుదర్శనుడనే యక్షుడై పుట్టిన కథ ఉన్నది. కుక్క అయిదు ఇంద్రియాలు గల ప్రాణి, మనస్సు గల ప్రాణి. ఆకలిని, ఆదరాన్ని, యజమాని మాటను ఎరిగినది.

కుక్క శరీరం అడిగేది ఏమిటి?

పొరుగింటాయన మాటకు ఇప్పుడు జవాబు చూడవలెను. కుక్క పుట్టుకతో మాంసాహారి, దానికి శాకాహారం పెట్టడమే హింస అని చాలామంది వాదిస్తారు. పిల్లి విషయంలో ఈ వాదం బలమైనది. పిల్లి శరీరం టారిన్ అనే పదార్థాన్ని తనకు చాలినంత తయారు చేసుకొనలేదు. కూరలలోని పసుపు వన్నె పదార్థాన్ని ఏ విటమినుగా మార్చుకొనలేదు. ఈ రెండూ దానికి జంతు శరీరం నుండే వచ్చేవి. కాబట్టి పాలు, అన్నంతో పెంచుదామనే తలపుతో పిల్లిని ఇంటికి తేకపోవడమే శ్రావకునికి మేలు.

కుక్క సంగతి వేరు. అది ఆ రెండు పనులూ చేసుకొనగలదు. వేల సంవత్సరాలుగా మనిషి ఎంగిలి తిని అది తోడేలు నుండి చాలా దూరం వచ్చింది. 2013లో స్వీడన్ దేశపు ఉప్సలా విశ్వవిద్యాలయ పండితులు నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పిండి పదార్థాన్ని జీర్ణం చేసే ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా, కుక్కలో నాలుగు నుండి ముప్ఫయి దాకా ఉన్నవి. 2009లో వెలువడిన మరొక పరిశోధనలో, మంచు బండ్లు లాగే పన్నెండు పందెపు కుక్కలను పదహారు వారాలు పరీక్షించారు. వాటిలో మాంసం లేని మేత తిన్నవి కూడ ఆరోగ్యంగా పరుగెత్తినవి. ఆ మేత నిపుణులు లెక్క కట్టి తయారు చేసింది. ఆ కుక్కలు ఎదిగినవి, పిల్లలు కావు. ఈ రెండు సంగతులూ మరువరాదు.

కుక్క శరీరం మాంసమనే వస్తువును అడగదు. పది రకాల అవశ్యక అమైనో ఆమ్లాలు, కొవ్వు, సున్నం, భాస్వరం, జింకు, అయొడిన్, డి విటమిను, బి12 విటమిను మొదలైనవి తగిన పాళ్లలో అడుగుతుంది. తెలుగులో మాంసకృత్తులు అనే పేరు వినగానే పెద్దలు కొందరు ఉలిక్కిపడతారు. పేరులో మాంసం ఉన్నా పెసరపప్పులోనూ, పెరుగులోనూ ఉన్నది అదే. పేరు చూసి భయపడనక్కరలేదు, పాళ్లు చూసి మాత్రం భయపడవలెను.

మాంసం పెట్టేవారి ఇళ్లలోనూ ఈ పాళ్లు తప్పితే కీడే జరుగుతుంది. ఎముక లేని మాంసంలో సున్నం అతి స్వల్పం, భాస్వరం దానికి పది రెట్లకు మించి ఉంటుంది. వట్టి మాంసం మీద పెరిగిన కుక్కపిల్లకు ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుతాయి. వట్టి అన్నం మీద పెరిగినదానికీ అంతే. కనుక గుడ్డు ఒక్కటి పెట్టితే తీరిపోతుందన్న పొరుగువాని మాట వైద్యం కాదు, అలవాటు.

వంటింటి లెక్క

నాయనమ్మ చెప్పిన పాల సంగతి మొదట చూద్దాం. తల్లి కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవు పాలలో కంటె రెట్టింపునకు పైగా ఉంటాయి. పాల చక్కెర మాత్రం ఆవు పాలలోనే ఎక్కువ. అందుచేత ఆవు పాలు గిన్నె నిండా పోస్తే పిల్లకు కడుపు జారుతుంది, బలం మాత్రం చాలదు. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గుతుంది గనుక అది పాలకంటె నయం. అన్నింటికంటె మేలు, పిల్లను తల్లి దగ్గరనే ఎనిమిది వారాలు ఉండనివ్వడం. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు కూడ చెబుతున్నవి. కుక్కపిల్లలను పెంచి లాభానికి అమ్మడం హేమచంద్రాచార్యుల యోగశాస్త్రంలో శ్రావకునికి నిషిద్ధమైన పదిహేను వ్యాపారాలలో అసతీపోషణం క్రింద చేరినదని ఇక్కడనే గుర్తు చేసుకొనవచ్చును. వెల పెట్టి జాతి కుక్కను కొనేకంటె, వీధిలో పుట్టి దిక్కులేక మిగిలిన పిల్లకు నీడనివ్వడమే మనకు తగిన పని.

ఇక కిచిడీ. ఎదిగే కుక్కపిల్ల తిండిలో తేమ తీసి చూస్తే నూటికి కనీసం 22.5 పాళ్లు మాంసకృత్తులు, 1.2 పాళ్లు సున్నం ఉండవలెనని అమెరికా దేశపు మేత నియంత్రణాధికారుల సంఘం ప్రమాణం ఏర్పరచింది. బియ్యంలో నూటికి ఏడు పాళ్లు, జొన్నలో పది, పెసరపప్పులో ఇరువది నాలుగు పాళ్లు మాంసకృత్తులు ఉంటాయి. సగం బియ్యం, సగం పెసరపప్పు వేసి వండితే సుమారు పదిహేనున్నర తేలుతుంది. ఇరువది రెండున్నరకు ఇంకా ఏడు పాళ్లు తక్కువ. పనీరు, సోయా చేర్చితే ఈ లోటు పూడుతుంది.

సున్నం లెక్క ఇంకా కఠినం. రాగి పిండి కుక్కపిల్లలకు మంచిదని మన ప్రాంతంలో అందరూ అంటారు. ఆ మాటలో నిజం ఉన్నది. నూరు గ్రాముల రాగులలో సున్నం సుమారు 340 మిల్లీగ్రాములు ఉంటుంది, మరపట్టిన బియ్యంలో పది దగ్గర మాత్రమే. అయినా పిల్లకు కావలసింది నూరు గ్రాములకు 1,200 మిల్లీగ్రాములు. రాగులు మూడవ వంతు అప్పు తీర్చి ఆగిపోతాయి. మిగిలినది పశువైద్యుడు చెప్పిన మోతాదులో పొడిగా కలపవలెను. ఎక్కువ కలిపినా చెరుపే. పెద్ద జాతి పిల్లలలో సున్నం మితిమీరితే ఎముకలు అపసవ్యంగా పెరుగుతాయి. డి విటమిను కూడ వేరుగా ఇవ్వవలసిందే. బళ్లారి ఎండలో నిలబడితే మనిషికి ఆ విటమిను దొరుకుతుంది, కుక్క చర్మం మాత్రం దానిని చాలినంత తయారు చేయలేదు.

ఈ అంకెలన్నీ చూస్తే ఇంటి వంటతో కుక్కపిల్లను పెంచడం అసాధ్యం కాదు గాని, తోచినట్లు చేస్తే జరిగే పని కాదని స్పష్టమవుతుంది. దుకాణంలో గ్రాముకు గ్రాము తూచే చేయి ఇంటిలో చారెడు, గుప్పెడు అని కొలవరాదు.

సంచి కొనేటప్పుడు

మనుమడు చెప్పిన సంచి మేతను తోసివేయనక్కరలేదు. శాకాహారమని ముద్రించిన మేతలు మన దేశపు అంగళ్లలో దొరుకుతున్నవి. కొనేముందు మూడు సంగతులు చూడవలెను. మొదటిది, ఆ మేత ఎదిగిన కుక్కలకా, ఎదిగే పిల్లలకా అన్నది. ఎదిగిన దానికి నూటికి 18 పాళ్లు మాంసకృత్తులు చాలును. అది పిల్లకు పెట్టితే నెల నెలకూ లోటు పెరుగుతుంది. రెండవది, అది సంపూర్ణాహారమా, చిరుతిండా అన్నది. మూడవది, దినుసుల పట్టిక. జంతు సంబంధమైన కొవ్వు, ఎముకల పొడి, చేప నూనె పట్టిక అడుగున చిన్న అక్షరాలలో ఉండవచ్చును.

పప్పు ఎక్కువైతే మంచిదే కదా అనుకొనరాదు. ధాన్యం మాని బఠానీ, మసూరు వంటి గింజలు ఎక్కువగా చేర్చిన మేతలు తిన్న కుక్కలలో గుండె కండరం జబ్బు కనబడుతున్నదని 2018లో అమెరికా ఆహార ఔషధ శాఖ విచారణ జరిపింది. ఆ మేతలు చాలావరకు మాంసం కలిసినవే. కారణం ఖండితంగా తేలలేదు. ఒకే దినుసు మీద భారం వేయరాదన్న పాఠం మాత్రం మిగిలింది.

వేరుశనగ వర్తకులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పవలెను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోగా, బ్రెజిలు నుండి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషమే కారణమని తేలింది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. కుక్క కాలేయాన్ని కూడ అది నాశనం చేస్తుంది. అమ్మకానికి పనికిరాని బూజు గింజలు, ముక్కిన చెక్క కుక్కకు పనికివస్తాయిలే అనే లోభం పుట్టినప్పుడు ఈ సంగతి జ్ఞాపకం తెచ్చుకొనవలెను.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను చితకగొడతాయి. వాటిని వండని జైన గృహం ఈ విషయంలో తెలియకుండానే కుక్కకు మేలు చేస్తున్నది. అయితే పండుగనాటి షీరాలోని ఎండుద్రాక్ష, పిల్లలు ప్రేమతో పెట్టే చాక్లెట్టు కూడ దానికి విషాలే. ఆ ఇంటిలో అసలు అపాయం అక్కడ ఉన్నది.

వ్రతం ఎవరిది?

కుక్కపిల్లకు రెండవ నెలలో రోజుకు నాలుగుసార్లు, నాలుగవ నెల నుండి మూడుసార్లు, ఆరు నెలలు దాటాక రెండుసార్లు తిండి పెట్టవలెనని వైద్యులు చెబుతారు. చౌవిహార్ పాటించే ఇంటిలో సూర్యాస్తమయం తరువాత దానికి పెట్టవచ్చునా అనే ప్రశ్న వస్తుంది. ఎదిగిన కుక్కకు ఉదయం, సాయంకాలం పెట్టితే సరిపోతుంది గనుక చిక్కు లేదు. చిన్న పిల్ల మాత్రం రాత్రి అంతా ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి నీరసించి వణుకుతుంది. బళ్లారి వేసవిలో సాయంకాలం వండింది రాత్రికి పులుస్తుంది గనుక, పొడి మేతను గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఒకసారి పెట్టవచ్చును. పొయ్యి వెలిగించనక్కరలేదు.

పర్యూషణ దినాలలో, దశలక్షణ పర్వంలో ఇల్లంతా ఉపవాసముంటే కుక్కకు కూడ ఒక పూట మాన్పించి పుణ్యం కట్టిపెట్టుదామనే ముచ్చట కొందరికి ఉంటుంది. వ్రతం తెలిసి పట్టేది, మనసా పట్టేది. తన ఆకలిని తాను అదుపులో పెట్టుకొనడం తపస్సు. మరొకరి ఆకలిని అదుపులో పెట్టడం అన్నపాననిరోధం. పని చేసేది ఒకే వంటిల్లు అయినా ఫలం రెండు విధాలు. కుక్కపిల్ల ఏ గురువు ఎదుటా ప్రత్యాఖ్యానం చెప్పలేదు.

అట్లయితే అది మాంసం మానుతానని కూడ చెప్పలేదు కదా, మరి దానికి శాకాహారం పెట్టడం ఏ న్యాయం అని తెలివైన పిల్లవాడు అడుగుతాడు. ఇది సరియైన ప్రశ్న, దాటవేయరాదు. మాంసం మానుతున్నది కుక్క కాదు, కొనేవాడు. జైన ధర్మంలో తాను చేయడం, ఇతరుల చేత చేయించడం, చేసినదానికి సమ్మతించడం మూడూ కర్మబంధానికి కారణాలే. ప్రతి నెలా మాంసపు మేత బస్తా తెప్పించేవాడు ఆ మూడింటిలో ఏదో ఒకదానిలో ఉంటాడు. పన్నెండు పదమూడేళ్లు బ్రతికే ఒక ప్రాణి కోసం ఎన్ని పంచేంద్రియ ప్రాణులు పోతాయో లెక్కించుకొంటే తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. మాంసం కొననని చెప్పే హక్కు శ్రావకునికి ఉన్నది. ఆ హక్కు వాడుకొన్నందుకు కుక్క శరీరం వెల చెల్లించరాదు. లోటు పూడ్చే శ్రమ, ఖర్చు, వైద్యుని దగ్గరకు తిరగడం యజమాని మీదనే పడవలెను.

పాలు, పెరుగు, పనీరు కూడ పూర్తిగా నిర్దోషమైనవని చెప్పుకొనరాదు. నేటి పాడి వ్యాపారంలో మగదూడల గతి ఏమవుతున్నదో పశువులున్న పల్లెలలో అందరికీ తెలుసు. గృహస్థుని జీవితంలో మచ్చలేని గిన్నె లేదు. ఆరంభీ హింసను తగ్గించుకొంటూ పోవడమే అతనికి సాధ్యమైనది.

పిల్ల ఎదగకపోతే

ఇంతా చేసినా పిల్ల ఎదగకపోతే? ప్రతి వారం ఒకే రోజున దానిని దుకాణపు కాటాలో తూచి, ఒక కాగితం మీద వ్రాసిపెట్టడం మంచి పని. బరువు రెండు వారాలు నిలిచిపోయినా, వెంట్రుక బిరుసెక్కినా, ముంగాళ్లు వంగినా, ఆటకు రాకపోయినా పశువైద్యుని పిలవవలెను. పురుగులకు మందు, టీకాలు వేళకు పడినవో లేదో కూడ చూసుకొనవలెను. అన్ని విరేచనాలూ తిండి వల్లనే రావు. మేత మార్చవలసి వస్తే ఏడెనిమిది రోజులలో కొద్ది కొద్దిగా మార్చవలెను.

మేత మార్చి, మందు పొడులు మార్చి, అప్పటికీ వైద్యుడు "ఈ పిల్లకు ఇది చాలడం లేదు" అంటే అప్పుడు గృహస్థుడు తనతో తాను మాట్లాడుకొనవలెను. డిల్లీలో ఎర్రకోట ఎదుట దిగంబర జైన లాల్ మందిరం ఆవరణలో పక్షుల ధర్మాసుపత్రి ఉన్నది. గింజలు తినే పక్షులను అక్కడ ఉంచుకొని వైద్యం చేస్తారు. గ్రద్ద, డేగ వంటి వేటపక్షులు వస్తే గాయానికి కట్టుకట్టి, మందు వేసి పంపుతారు గాని లోపల ఉంచుకొనరు. వాటికి మాంసం పెట్టలేరు, ఆకలితో మాడ్చనూ లేరు. తాము భరించగలిగినంత మేలు చేసి, భరించలేని చోట చేతులు వదలడం ఆ పెద్దలు ఎంచుకొన్న త్రోవ.

కుక్కపిల్ల విషయంలోనూ అదే త్రోవ తెరిచి ఉన్నది. దానికి కావలసింది పెట్టగల, ప్రేమగా చూడగల మరొక ఇంటికి దానిని అప్పగించవచ్చును. ఆ ఇంటివారు మాంసం పెడతారేమో, ఆ పాపంలో మనకు భాగం రాదా అని కొందరు శంకిస్తారు. అప్పగించేవాడు కోరుతున్నది దాని ప్రాణం నిలవడం, మరొక ప్రాణి చావడం కాదు. సంకల్పం ఎటు ఉన్నదో దానిని బట్టే మన శాస్త్రం తూచుతుంది. మనసు విరుగుతుంది, మనుమడు ఏడుస్తాడు, నిజమే. మన ప్రేమ చాలించుకొనలేక దానిని మన దగ్గరనే ఉంచి క్షీణింపజేయడం అంతకంటె పెద్ద తప్పు.

అటువంటి ఇల్లు దొరకక, వైద్యుని మాట తోసివేయలేక, ఒక గృహస్థుడు ఇంటి బయట కొంత కాలం ఆ మేత పెట్టించవచ్చును. అతడు దోషం లేదని తనకు తాను నచ్చజెప్పుకొనరాదు. దానిని తన ఖాతాలో వ్రాసుకొని, గురువు ఎదుట చెప్పుకొని, ప్రతిక్రమణలో తలచుకొనవలెను. ఇరుగు పొరుగు శ్రావకులు అతనిని వెలివేసినట్లు చూడరాదు. అట్లే, అన్నం మెతుకులు పెట్టి, వంగిన కాళ్లతో ఒక పిల్లను చావనిచ్చిన గృహస్థుడు తన వంటిల్లు శుచిగా ఉన్నదని గర్వించరాదు. ఆ చావు కూడ ఆ ఇంటి ఖాతాలోనిదే.

ఈ కష్టమైన ఘట్టం దాకా రాకుండ చూసుకొనే అవకాశం ఆరంభంలోనే ఉన్నది. సరుకు దింపుకొనక ముందే గోదాములో చోటు, చేతిలో సొమ్ము, ఎండకు వానకు ఏర్పాటు చూసుకొనడం వర్తకునికి పుట్టుకతో వచ్చిన విద్య. పిల్లవాడు కుక్కపిల్ల కావలెనని అడిగిన రోజున కూడ ఆ విద్యనే వాడవలెను. రోజుకు నాలుగుసార్లు గిన్నె ఎవరు పెడతారు, పశువైద్యుడు ఎంత దూరం, ఎదిగే పిల్లలకు తగిన శాకాహార మేత ఊరిలో నిలకడగా దొరుకుతుందా, నెలకు ఖర్చు ఎంత, పెళ్లిళ్లకు తీర్థయాత్రలకు ఇల్లు తాళం పెట్టితే దానిని ఎవరు చూస్తారు అని కూర్చొని లెక్క వేయవలెను. లెక్క కుదిరితే మితమైన పరిమాణంలో ఎదిగే నాటు పిల్లను తెచ్చి, పైన చెప్పిన జాగ్రత్తలతో నిండుగా పెంచవచ్చును. కుదరకపోతే తేకపోవడమే అహింస. వీధిలోని కుక్కకు ఎప్పటివలె చివరి రొట్టె వేయడం ఎటూ ఉన్నదే. శ్రావక కుటుంబాలు ఈ విషయాన్ని పిల్లలతో కలిసి కూర్చొని, పిల్ల ఇంటికి రాక ముందే ఆలోచించుకొందురు గాక.